నగరి ఫోల్డర్‌లోని రెండు వరుసలు

గంగాధరం చిత్తూరులో టేప్‌రికార్డర్లు బాగుచేసే రోజుల్లో అతని బల్ల మీద తొమ్మిది బిస్కెట్ డబ్బాలు ఉండేవి. ఎనిమిదింటిలో స్క్రూలు, స్ప్రింగులు, రబ్బరు బెల్టులు కొలతల వారీగా ఉండేవి. తొమ్మిదో దాంట్లో, సెట్టు విప్పి మళ్లీ బిగించాక మిగిలిపోయి, ఎక్కడివో తెలియని సామాన్లు పడేవి. వాటిని ఎవరైనా పారేయబోతే చెయ్యి పట్టుకునేవాడు.

"ఎందుకుండాదో తెలిసినంక పారెయ్. తెలీకుండా పారేస్తే రేపు ఆ సెట్టు మళ్లీ మన తావకే వస్తాది" అనేవాడు.

అతనిది పలమనేరు దగ్గర పల్లె. పదో తరగతి తర్వాత చదువు సాగలేదు. తొంభై మూడులో చిత్తూరు వచ్చి ఒక రేడియో షాపులో కుదురుకున్నాడు. టేప్‌రికార్డర్ల కాలం అయిపోతుంటే కంప్యూటర్లు విప్పడం నేర్చుకున్నాడు. విప్పడం వచ్చాక, లోపల నడిచే ప్రోగ్రాములు ఎవరు రాస్తారని అడిగాడు. పాత పుస్తకాల అంగట్లో అట్ట ఊడిన పుస్తకమొకటి కొని, పక్కన నిఘంటువు పెట్టుకుని, రెండేళ్లలో దాన్ని చివరిదాకా చదివాడు. 2005లో తిరుపతి వచ్చి జయచంద్ర కంపెనీలో చేరాడు. అప్పటికి నేను అక్కడ ఆరునెలలుగా ఉన్నాను.

కంపెనీ అంటే బస్టాండు వెనక, ఒక మెస్ పైన రెండు గదులు. పదకొండు గంటలకు సాంబారు తిరగమోత ఘాటు మెట్లెక్కి వచ్చేది. షాపుల వాళ్లు ఏటా తమ పేరు వేయించి పంచే క్యాలెండర్‌ను జయచంద్ర సెల్‌ఫోన్‌లోకి తెచ్చాడు. షాపుకు వచ్చినవాళ్ల ఫోన్‌లోకి బ్లూటూత్‌తో ఎక్కిస్తారు. తెరవగానే షాపు పేరు, ఒక దేవుడి బొమ్మ, ఆ రోజు తిథి, నక్షత్రం, రాహుకాలం, దగ్గరి గుడి ఉత్సవాలు కనిపిస్తాయి. ఆ ఫోన్లకు తెలుగు రాదు. ఒక్కో అక్షరాన్నీ చుక్కలు పేర్చి బొమ్మగా గీయాలి. ఆ పని నాది. లెక్కల పని ఏకాంబరానిది.

ఏకాంబరం నగరి మనిషి, యాభై దాటినవాడు. ఇరవై ఏళ్లు ప్రెస్సులో క్యాలెండర్లు కంపోజ్ చేశాడు. ఆ అనుభవంతోనే తిథుల లెక్క నేర్చి, ఆ లెక్క కంప్యూటర్‌కు చెప్పడం కూడా నేర్చాడు. రోజూ పొద్దున రైల్లో వచ్చి సాయంత్రం రైల్లో పోయేవాడు.

"కంప్యూటర్‌కు తిథి చెప్పడం కష్టం కాదప్పా. ఆరు గంటల రైలు ఎట్ల తప్పిపోయిందో మా ఇంటిదానికి చెప్పడమే కష్టం" అని నవ్వేవాడు.

ఉన్నవాళ్లలో గంగాధరం గురువుగా చూసింది ఆయన్నొక్కణ్ణే. ఆయన ఎక్కువ మాట్లాడడు, పని చూపిస్తాడు. గంగాధరానికి అది నచ్చింది.

ఆ క్యాలెండర్లో ఏకాంబరం ఒక అర చేర్చాడు. ఇంట్లో పోయినవాళ్ల తేదీ అందులో వేసి పెడితే, మరుసటి ఏడు వాళ్ల తిథి ఏ రోజు వస్తుందో ఫోనే లెక్కగట్టి, మూడు రోజుల ముందు నుంచి తెర మీద చూపిస్తుంది. జయచంద్రకు అది అంతగా నచ్చలేదు.

"పండగ క్యాలెండర్లో చావులెందుకబ్బా?" అన్నాడు.

"పండగ మర్చిపోతే పక్కింటోళ్లు గుర్తుచేస్తారు సార్. ఇది ఎవురు గుర్తుచేస్తారు?" అన్నాడు ఏకాంబరం.

2006 జూన్ ఆఖరున, ఒక పొద్దున రైల్లోనే ఏకాంబరానికి గుండె ఆగింది. పుత్తూరు దాటినాక పక్కనున్నవాళ్లు నిద్రపోతున్నాడనుకున్నారట. పదకొండో రోజుకు గంగాధరమూ నేనూ నగరి పోయాం. ఆయన భార్య చంద్రకాంతమ్మ లోపలి నుంచి ఆయన ఫోన్ తెచ్చి గంగాధరం చేతిలో పెట్టింది.

"దీంట్లో ఆయన మా నగరి షాపుకు చేసిన క్యాలెండర్ ఉండాది. ఏడాది తిథి ఎప్పుడో ఇదే చెప్తాదంట గదా. ఆయన పోయిన తేదీ వేసిపెట్టప్పా. నేను ఎవుర్నీ అడగను. ఆయన లెక్కే నాకు చెప్పాల."

గంగాధరం తేదీ వేసి, నాకూ చూపించి, ఫోన్ ఆమెకిచ్చాడు. "చెప్తాది వదినా. దానికి నేను పూచీ" అన్నాడు.

ఏకాంబరం పోయాక లెక్కల పని గంగాధరం మీద పడింది. అప్పుడు బయటపడింది ఆఫీసులో ఉన్న అసలు గందరగోళం. కొత్త షాపు వచ్చినప్పుడల్లా పాత షాపు ఫోల్డర్‌ను మొత్తంగా కాపీ చేసి, పేరూ బొమ్మా మార్చి ఇచ్చేవాళ్లం. తిరుపతి బట్టల షాపు నుంచి కాణిపాకం పూజాసామాను అంగడి పుట్టింది, దాన్నుంచి మదనపల్లె నగల షాపు. ఇట్లా ముప్పై ఒకటి. ఏకాదశి రెండు రోజులు చూపించే తప్పును ఒకచోట దిద్దితే ఇంకో ఇరవై చోట్ల అట్లాగే ఉండేది. నేను ఒక అక్షరం వంకర సరిచేస్తే ముప్పై ఒక్కసార్లు అతికించాల్సి వచ్చేది. ఎక్కడో ఒకటి మర్చిపోయేవాణ్ణి.

"రేడియోలో ఒకే రకం వాల్వు ఏ సెట్టులో పెట్టినా పాడుతుంది. మనమేమో సెట్టుకొక వాల్వు తయారుచేస్తా ఉండాము" అన్నాడు గంగాధరం.

అతను జయచంద్రను ఒప్పించి పని మొదలుపెట్టాడు. అందరికీ పనికొచ్చే కోడ్‌ను బయటికి తీసి మూడు ఉమ్మడి కట్టలుగా చేయాలి. తిథుల లెక్క ఒకటి, తెలుగు అక్షరాలు ఒకటి, తెర మీద గీసేది ఒకటి. షాపు ఫోల్డర్‌లో ఆ షాపుకే చెందినవి మాత్రం మిగలాలి. తయారయ్యేటప్పుడు ప్రతి షాపూ ఉమ్మడి కట్టల్ని తెచ్చుకుని కలుపుకోవాలి. తప్పు ఒకచోట దిద్దితే అన్నిచోట్లా దిద్దినట్టే.

చెప్పడానికి ఇంతే. చేయడానికి ఏడు నెలలు పట్టింది. ఒకే కాపీగా పుట్టినవి మూడేళ్లలో ఒక్కోటి ఒక్కో దారి పట్టాయి. తిథి లెక్క ఫైలు ఒక్కటే పద్నాలుగు రకాలుగా తయారైంది. గంగాధరం రెండేసి ఫైళ్లను కాగితం మీద ప్రింటు తీసి, పక్కపక్కన పెట్టి, వేలుతో వరుస వెంట వరుస చదివేవాడు. తేడా కనబడితే ఎర్ర పెన్నుతో గీసి, దాని గురించి నోటుబుక్‌లో రాసేవాడు. ఇది దిద్దుబాటా, పొరపాటా? ఎవరు చేశారు? ఎందుకు చేశారు? తెలియకపోతే రాసినవాణ్ణి అడిగేవాడు. నన్నే ఎన్నిసార్లు లేపి తీసుకుపోయాడో లెక్కలేదు.

"ఈడ మూడు చుక్కలు ఎక్కువ పెట్టినావు. ఎందుకు?"

"ఆ ఫోన్ తెర చిన్నదన్నా."

"అదే రాయి పక్కన. రేపు నువ్వు లేకపోతే నేనెవుర్ని అడిగేది?"

జనవరిలో ఒక మధ్యాహ్నం నగరి బట్టల షాపు ఫోల్డర్ దగ్గర ఆగిపోయాడు. మిగతా పదమూడు రకాల్లోనూ, తిథిని గుర్తుచేసే చోట, అమావాస్య నుంచి అమావాస్యకు నెల లెక్కపెడుతుంది. నగరి కాపీలో ఆ చోట రెండు వరుసలు వేరుగా ఉన్నాయి. అందులో సూర్యుడు రాశి మారిన రోజు నుంచి నెల మొదలవుతుంది. రాసింది ఏకాంబరం. పక్కన ఒక్క ముక్క వివరణ లేదు.

గంగాధరం గోడ మీది తెలుగు పంచాంగం దించి, పన్నెండు నెలలూ సరిచూశాడు. పదమూడు రకాల లెక్క పంచాంగంతో అచ్చంగా కలిసింది. నగరి లెక్క చాలాచోట్ల ఒక నెల తేడా కొట్టింది. రోజువారీ తెరలో ఏ తేడా లేదు, ఏడాది తిథి చూపించే చోట మాత్రమే.

సాయంత్రం దాకా ఆ కాగితాల ముందే కూర్చున్నాడు.

"ఏమన్నా, ఏమైంది?" అని అడిగాను.

"ఏంలేదులే" అన్నాడు.

ఆ రెండు వరుసలు తీసేశాడు. నోటుబుక్‌లో మాత్రం ఆ తేడా రాయలేదు. ఏకాంబరం అంతటివాడు లెక్క తప్పాడని, ఆయన పోయిన ఆరునెలలకు, పదిమంది చూసే నోటుబుక్‌లో రాయడానికి అతనికి చెయ్యి రాలేదు. ఎవరికీ తెలియకుండా దిద్దేస్తే గురువు పరువు నిలుస్తుందనుకున్నాడు. ఈ సంగతి అతను నాకు చాలా తర్వాత చెప్పాడు. ఎవరికైనా చెప్పి ఉంటే ఆ రోజే తేలిపోయేది. పలమనేరు పక్క పెరిగినవాడు అతను. నగరిలో ఆడి కృత్తికకు కావళ్లు కడతారనీ, అక్కడ చాలామంది అరవ నెలలు పాటిస్తారనీ అతనికి తెలుసు. కానీ పోయినవాళ్ల తిథి కూడా ఆ నెలల ప్రకారమే చూస్తారన్నది అతని తలలోకి రాలేదు.

ఉగాదికి పని పూర్తయింది. ముప్పై ఒక్క షాపులూ మూడు ఉమ్మడి కట్టల మీద నిలబడ్డాయి. అంతకుముందు పదిరోజులు పట్టే మార్పు ఒక పూటలో అయ్యేది. జయచంద్ర మెస్ నుంచి అందరికీ పాయసం తెప్పించాడు. ఆ ఆదివారమే గంగాధరం నగరి పోయి, చంద్రకాంతమ్మ ఫోన్‌లో కొత్తది ఎక్కించాడు. ఎవరూ పొమ్మనలేదు. మంచిది తయారైంది కదా, మొదట ఆమెకే ఉండాలనుకున్నాడు.

"ఏం మార్చినావప్పా? అంతా ముందరి మాదిరే ఉండాదే" అందామె.

"పైకేం తెలీదు వదినా. లోపల సర్దినా."

"మా కోడలు కూడా వంటిల్లు సర్దింది. ఇప్పుడు ఉప్పు యాడుండాదో నాకు తెలీదు" అని నవ్విందట. వచ్చి మాకు చెప్పి అతనూ నవ్వాడు.

ఆ ఏడు మనకు అధిక జ్యేష్ఠం వచ్చి, ఏకాంబరం పోయిన ఆషాఢం జులై మధ్యకు జరిగింది. చంద్రకాంతమ్మ రోజూ పొద్దున ఫోన్ తెరిచి చూసుకునేది. జూన్ వచ్చింది, పోయింది. మరిది బాలసుబ్రమణ్యం వచ్చి, పురోహితుణ్ణి అడిగొస్తానన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. మీ అన్న లెక్క ఇంకా చెప్పలేదు, ఈ ఏడు అధిక మాసమని టీవీలో చెప్పినారు, అందుకే జరిగుంటుంది అని ఆపింది. జులై మూడో వారంలో ఫోన్ తెర మీద ఏకాంబరం పేరు వచ్చింది. మూడు రోజుల్లో తిథి. మరిది పురోహితుడి దగ్గరికి పరుగెత్తాడు.

"మీ అన్న పోయింది అరవ లెక్కన ఆని నెలలో గదప్పా. ఇప్పుడు ఆడి వచ్చేసింది. ఆని శుద్ధ పంచమి పోయిన నెలే అయిపోయింది" అన్నాడు పురోహితుడు.

మర్నాడు పొద్దున చంద్రకాంతమ్మ ఒక్కతే రైలెక్కి తిరుపతి వచ్చింది. మా మెట్లెక్కి, కుర్చీ చివర కూర్చుని, ఫోన్ బల్ల మీద పెట్టింది. జయచంద్ర మంచినీళ్లు తెప్పించాడు. ఆమె తాగలేదు. జరిగిందంతా చెప్పింది.

"నేను గొడవకు రాలేదు సార్. ఒకటే అడగాల. ఆయన లెక్క తప్పు పోయిందా? వీధిలో నవ్వుతా ఉండారు. నా మరిదే అంటా ఉండాడు, జీవితమంతా ఊరందరి తిథులూ కట్టినాడు, తన తిథే తప్పుగా కట్టుకున్యాడు అని. ఇరవై ఏండ్లు అదే పని సేసిన మనిషి. తప్పు పోయింటే పోయింది, నాకు చెప్పండి. నేను ఓర్సుకుంటా."

జయచంద్ర మెత్తగా అన్నాడు. "ఆయన రాసిందే గదమ్మా అది. పాపం, మనిషన్నాక ఒకటీ అరా..."

అక్కడితో ఆగిపోయి ఉండేది. గంగాధరం నోరు మెదపకపోతే ఎవరికీ తెలిసేది కాదు. నోటుబుక్‌లో లేదు, ఏకాంబరం లేడు. అతను లేచి బీరువా తెరిచి, కిందటి ఏటి పాత సీడీ తీశాడు. అందులోంచి నగరి ఫోల్డర్ దింపి, మార్చకముందరి క్యాలెండర్‌ను ఆఫీసు ఫోన్‌లోకి ఎక్కించి, ఏకాంబరం పోయిన తేదీ వేశాడు. పది నిమిషాలు పట్టింది. తెర మీద జూన్ తేదీ వచ్చింది. ఆ ఫోన్ తీసుకుపోయి ఆమె ముందు పెట్టాడు.

"ఇదీ వదినా అన్న లెక్క. సరిగ్గా ఉండాది. నగరికి ఏ నెల కావాల్నో ఆ నెలే పెట్టినాడు. నాకు అది తప్పనిపించింది. తీసేసింది నేను. ఉగాదికొచ్చి మీ ఫోన్‌లో ఎక్కించింది కూడా నేనే."

ఆమె ఆ ఫోన్ దగ్గరికి లాక్కుని తేదీ చదువుకుంది. తర్వాత అడిగింది.

"తీసే ముందర ఎవుర్నన్నా అడగొచ్చు గదప్పా?"

"అన్న లేడు గదా వదినా."

"నేనుండా గదా. నన్నడగొద్దా? నగరిలో రోడ్డున పోయేవాళ్లనడిగినా చెప్పుండురే, మాకు ఏ నెల లెక్కో."

ఆమె కళ్లు తుడుచుకుని లేచింది. తన ఫోన్ తీసుకుని కొంగులో చుట్టుకుంది. మెట్ల దగ్గర వెనక్కి తిరిగి, "నా మరిదికి ఈ మాట నువ్వొచ్చి చెప్పాల" అంది.

"వస్తా" అన్నాడు గంగాధరం.

ఆమె వెళ్లాక జయచంద్ర నగరి షాపుకు ఫోన్ చేశాడు. అప్పుడు తెలిసింది, ఏప్రిల్ నుంచీ చాలామందికి తేదీలు తప్పు వచ్చాయని. వాళ్లెవరూ ఫిర్యాదు చేయలేదు. ఫోన్‌కేం తెలుస్తుందిలే అనుకుని, గోడ మీది క్యాలెండర్ షీటు చూసి తమ పని తాము చేసుకున్నారు. నమ్మింది చంద్రకాంతమ్మ ఒక్కతే.

"ఈ ఉమ్మడి యవ్వారం చాలించప్పా. ఎవురి ఫోల్డర్ వాళ్లకు మళ్లీ కాపీ కొట్టు. ఒకరి తప్పు ఇంకొకరికి అంటకుండా ఉంటాది" అన్నాడు జయచంద్ర.

"సార్, తప్పు కట్టలది కాదు, నాది. లెక్కల కట్టలోనే రెండు నెలలూ పెడతా. ఏ ఊరికి ఏది కావాల్నో ఆ ఊరి ఫోల్డర్ అడుగుతాది. రెండు దినాలు చాలు."

"ఇంకో రెండు వరుసలు నువ్వు తీసేసుంటే? నాకేం తెలుస్తాది? నీకే తెలీలేదే."

గంగాధరం ఇంక వాదించలేదు. కాపీలు కొట్టమన్న పని అతనే చేశాడు. ముందు నగరి ఫోల్డర్‌లో ఆ రెండు వరుసలు తిరిగి పెట్టాడు. వాటి పైన ఆరు వరుసల వివరణ రాశాడు, ఎవరు రాశారో, ఎందుకు రాశారో, ఎవరు తీశారో. తర్వాత ఉమ్మడి కట్టల్ని ముప్పై ఒక్క చోట్లా విడివిడిగా అతికించాడు. ఏడు నెలల సర్దుబాటు విప్పడానికి మధ్యాహ్నం భోజనం నుంచి టీ వేళ దాకా పట్టింది. నేను పక్క బల్ల దగ్గరే ఉన్నాను. సాయం చేస్తానంటే వద్దన్నాడు.

"ఎనిమిది డబ్బాలే తెచ్చుకున్యానప్పా ఈ పనికి" అన్నాడు, తెర వంకే చూస్తూ. నాకు అతను చెప్పే చిత్తూరు బల్ల, దాని మీది తొమ్మిదో డబ్బా గుర్తొచ్చాయి.

తప్పిన తిథిని ఆడి అమావాస్యనాడు పెట్టుకోవచ్చని పురోహితుడు చెప్పాడట. ఆగస్టులో ఆ ఆదివారం నేనూ గంగాధరంతో నగరి వెళ్లాను. కార్యం అయ్యేదాకా వసారాలో నిలబడ్డాం. అయ్యాక గంగాధరం బాలసుబ్రమణ్యాన్ని పిలిచి, నలుగురు బంధువుల ముందు, తప్పు ఏకాంబరానిది కాదని, తనదని చెప్పాడు. బాలసుబ్రమణ్యం విన్నాడు.

"సరే అబ్బా. ఇప్పుడు చెప్పి ఏం లాభం? మొదటేడు తిథి మళ్లొస్తాదా?" అని లోపలికి వెళ్లిపోయాడు.

చంద్రకాంతమ్మ ఇద్దరికీ ఆకులేసి వడ్డించింది. వంటింటి తలుపు పక్కన అరవ క్యాలెండర్ షీటు కొత్తగా వేలాడుతోంది. వచ్చే ఏటికి ఎవరో కాగితం ముక్క మీద తేదీ రాసి దానికి గుచ్చారు. ఏకాంబరం ఫోన్ గూట్లో ఆయన కళ్లజోడు పక్కన ఉంది. చేయి కడుక్కొచ్చి గంగాధరం అడిగాడు.

"దిద్దింది తెచ్చినా వదినా. అన్న రాసిన వరుసలే, మళ్లీ పెట్టినా. ఎక్కించిపోతా."

"వద్దప్పా" అందామె. గొంతులో కోపం లేదు. "నీ మీద నాకేం లేదు. దాంట్లో ఆయన రాసిందేదో, నువ్వు రాసిందేదో నాకు తెలీదు. అట్లనే ఉండనీ."

రైలుకు ఇంకా అరగంట ఉంది. స్టేషన్లో జనం పల్చగా ఉన్నారు. ప్లాట్‌ఫారం మీద ఒక ముసలావిడ జామకాయలు అమ్ముతోంది. గంగాధరం ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. కాయలు ఏరుతున్నాడనుకున్నాను.

"అవ్వా, ఈ పొద్దు ఏం నెల?"

ఆమె తలెత్తలేదు. కాయల మీద నీళ్లు చల్లుతూనే, "ఆడి ఇరవై ఏడు. ఎందుకు నాయనా?" అంది.

"ఊరికే" అన్నాడు గంగాధరం. రెండు కాయలు తీసుకున్నాడు. రైలు వచ్చేదాకా వాటిని చేతిలోనే పట్టుకుని ఉన్నాడు.